బ్యాటరీ మార్చాక ట్యాబ్‌లో వైఫై ఆగిపోయింది: నా అనుభవం

జూన్ రెండో వారంలో మా అమ్మాయి ట్యాబ్‌కి బ్యాటరీ మార్పించాం. పదంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్, సిమ్ లేనిది, వైఫై మీదే నడిచేది. బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ ఒక మూల పైకి లేచింది కాబట్టి మార్చక తప్పలేదు. బ్యాటరీకి, పనికి కలిపి 1,800 రూపాయలు. ఛార్జింగ్ బాగానే నిలబడింది. వైఫై మాత్రం ఆ సాయంత్రం నుంచే మొరాయించింది. పూర్తిగా బాగయ్యేసరికి జులై వచ్చేసింది. ట్యాబ్‌ని విప్పించిన తర్వాత మీకూ వైఫై ఇలాగే తేడా చేస్తే ఏ వరుసలో చూసుకోవాలో తెలియాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇంటికి రాగానే కనిపించింది "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అనే మాట, వైఫై గుర్తు పక్కన చిన్న ఆశ్చర్యార్థకం. ఈ మాటకి అర్థం తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. వైఫైకి కలవగానే ఆండ్రాయిడ్ గూగుల్ సర్వర్‌ని ఒక ఖాళీ పేజీ అడుగుతుంది. 204 అనే జవాబు వస్తే నెట్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు రాస్తుంది. అంటే పాస్‌వర్డ్ సరిపోయింది, రౌటర్‌తో మాట కలిసింది, అడ్డం ఆ తర్వాత ఎక్కడో ఉంది. బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా భద్రత లేదు, గడియారం చూసుకోండి అని హెచ్చరిక. తేదీ చూస్తే ఏళ్ల కిందటిది. బ్యాటరీ పూర్తిగా ఊడదీస్తే లోపలి గడియారం మొదటికి వెళ్లిపోతుంది. సిమ్ ఉన్న ఫోన్ అయితే నెట్‌వర్క్ నుంచి టైమ్ తెచ్చుకునేది. ఇందులో సిమ్ లేదు, పైగా ఆటోమేటిక్ తేదీ, సమయం అనే మీట ఆఫ్‌లో ఉంది. తేదీ తప్పుంటే, సైట్లు అసలువేనని చూపే సర్టిఫికెట్లన్నీ చెల్లనివిగా కనిపిస్తాయి. అందుకే నెట్ ఉన్నా లేనట్టే. సెట్టింగ్స్‌లో తేదీ సరిచేసి, ఆటోమేటిక్ ఆన్ చేసి, వైఫై ఒకసారి ఆపి పెడితే ఆశ్చర్యార్థకం పోయింది. పైసా ఖర్చు లేకుండా పోయింది కదా అని హాయిగా అనిపించింది.

ఆ హాయి రాత్రి వరకే. హాల్లో టీవీ పైన రౌటర్ ఉంటుంది. దాని కింద కూర్చుంటే వీడియో ఆడుతుంది. సోఫా దగ్గరికి వస్తే తిరుగుతూ ఉండిపోతుంది. బెడ్‌రూమ్‌లోకి తీసుకెళ్తే పాస్‌వర్డ్ తప్పు అంటుంది. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. పాస్‌వర్డ్ అక్షరాలా సరైనదే. రౌటర్, ట్యాబ్ కలిసేటప్పుడు వాటి మధ్య నాలుగు సందేశాలు అటూ ఇటూ వెళ్లాలి. సిగ్నల్ పల్చగా ఉండి అందులో ఒకటి దారిలో పోతే, అవతలివైపు పాస్‌వర్డ్ తప్పని అనుకుంటుంది. దగ్గరలో కలిసి, దూరంలో పాస్‌వర్డ్ తప్పంటే అది పాస్‌వర్డ్ జబ్బు కాదు. నెట్‌వర్క్‌ని మరచిపో అని నొక్కి మళ్లీ టైప్ చేయడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

మర్నాడు బ్యాటరీ మార్చిన షాపుకి తీసుకెళ్లాను. షాపువాడు కౌంటర్ మీద తన ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ట్యాబ్ పక్కనే పెట్టి, "చూడండి సార్, బ్రహ్మాండంగా వస్తోంది, మీ రౌటర్ ప్రాబ్లమ్" అన్నాడు. జానెడు దూరంలో చేసిన హాట్‌స్పాట్ పరీక్ష దేన్నీ రుజువు చేయదు. అంత దగ్గరలో యాంటెన్నా ఊడిపోయిన ట్యాబ్ కూడా పనిచేస్తుంది, బోర్డు మీది సాకెట్టే కాస్త సిగ్నల్ పట్టుకుంటుంది. హాట్‌స్పాట్‌తో చూడాలనుకుంటే ఇంట్లో రౌటర్ ఎంత దూరంలో ఉంటుందో అంత దూరంలో ఫోన్ పెట్టి చూడాలి. ఆ మాట చెబితే, "అయితే ఒకసారి సాఫ్ట్‌వేర్ కొట్టి చూద్దాం సార్" అని రెండు రోజులు ఉంచుకున్నాడు. 300 తీసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ కొట్టడమంటే అంతా చెరిపి కొత్తగా ఎక్కించడం, అందుకే నోట్సు, డౌన్‌లోడ్ చేసుకున్న పాఠాలు అన్నీ పోయాయి, ముందే కాపీ తీసుకున్నవి మాత్రం మిగిలాయి. మా అమ్మాయి ముఖం చూడలేకపోయాను.

సాఫ్ట్‌వేర్ కొట్టించాక కొత్త చిక్కు వచ్చింది. ఇప్పుడు రౌటర్ కిందకి తెచ్చినా కలవడం లేదు. కారణం మ్యాక్ అడ్రస్, అంటే ప్రతి పరికరాన్నీ నెట్‌వర్క్‌లో గుర్తుపట్టే నంబరు. మా రౌటర్‌లో ఇంట్లోని పరికరాల మ్యాక్ అడ్రస్‌లు రాసి, అవి మాత్రమే కలిసేలా పెట్టాం. ఆండ్రాయిడ్ 10 నుంచి ప్రతి వైఫై పేరుకీ ట్యాబ్ ఒక దొంగ మ్యాక్ అడ్రస్‌ని తయారుచేసుకుని అదే వాడుతుంది. సాఫ్ట్‌వేర్ కొట్టినా, ఫ్యాక్టరీ రీసెట్ చేసినా అది మారిపోతుంది, పాత జాబితాలో ఉన్నది పనికిరాదు. అసలుదా, తయారుచేసుకున్నదా అని కంటితోనే పోల్చుకోవచ్చు: అడ్రస్‌లో ఎడమ నుంచి రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది తయారుచేసుకున్నది. వైఫై పేరు పక్కనున్న పళ్లచక్రం నొక్కి, ప్రైవసీలో "పరికరం మ్యాక్ వాడు" అని ఎంచుకుంటే అసలుది బయటికి వస్తుంది. దాన్ని రౌటర్ జాబితాలో ఎక్కించాను. మళ్లీ మొదటి స్థితికి వచ్చాం: దగ్గరలో ఉంది, దూరంలో లేదు.

ఈలోగా నెట్ వాళ్లకి కంప్లయింట్ పెట్టాను. మూడో రోజు ఒక కుర్రాడు వచ్చాడు. బాగా తెలిసినవాడు. ఫైబర్ ఊడదీసి మీటర్ పెడితే లైన్‌లో వచ్చే కాంతి బలం −21 డీబీఎం వచ్చింది. ఇళ్లకిచ్చే మామూలు ఫైబర్ బాక్సులు −27 దాకా తట్టుకుంటాయి, కాబట్టి లైన్‌కి ఢోకా లేదు. తన ఫోన్‌లో స్పీడ్ చూపించి, "లైన్ పర్ఫెక్ట్ సార్, ట్యాబ్‌లోనే ఏదో ఉంది" అన్నాడు. షాపువాడేమో రౌటర్ అంటాడు, ఈ అబ్బాయి ట్యాబ్ అంటాడు. ఇద్దరూ తమ చేతిలో ఉన్నది బాగుందని చూపించినవాళ్లే. మధ్యలో ఉన్నవాడికి చెప్పలేనంత విసుగు. కాగితం మీద అంకెలు లేనిదే ఈ వాదన తెగదు.

అంకెలకి కావలసింది వైఫై ఎనలైజర్, అంటే సిగ్నల్ బలాన్ని అంకెల్లో చూపే యాప్, ట్యాబ్‌లో ఒకటి, బాగా పనిచేసే ఫోన్‌లో ఒకటి. ట్యాబ్‌లో నెట్ సరిగా లేదు కాబట్టి రౌటర్ కిందే కూర్చుని ఎక్కించుకోవాలి. రెండు చిన్న విషయాలు చాలామందిని తికమక పెడతాయి. లొకేషన్ ఆన్‌లో లేకపోతే యాప్ ఖాళీ జాబితా చూపిస్తుంది, వైఫై పోయిందనుకుంటాం. ఇంకోటి, ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్ రెండు నిమిషాల్లో నాలుగుసార్లు మాత్రమే వెతకగలదు. కదిలిన వెంటనే కనిపించేది పాత అంకె. ప్రతి చోటా నిమిషం పాటు కదలకుండా నిలబడి అప్పుడు రాసుకోవాలి. సిగ్నల్‌ని డెసిబెల్స్‌లో చూపిస్తుంది, అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం. −50 అంటే చాలా బాగున్నట్టు, −67 దాకా వీడియోకి ఇబ్బంది ఉండదు, −80 దాటితే కలిసినా నిలవదు.

ఫోన్, ట్యాబ్ రెండూ పక్కపక్కన పెట్టి, కవర్లు తీసేసి, ఒకే వైఫై పేరు, అదీ 2.4 గిగాహెర్ట్జ్ మీద చూశాను (రౌటర్ రెండు రకాల తరంగాల మీద పనిచేస్తుంది: 2.4 ఎక్కువ దూరం వెళ్లేది, 5 వేగమైనది). రౌటర్‌కి మీటరు దూరంలో ఫోన్ −34, ట్యాబ్ −61. సోఫా దగ్గర ఫోన్ −45, ట్యాబ్ −73. బెడ్‌రూమ్ గుమ్మంలో ఫోన్ −57, ట్యాబ్ −84. ఇందులో చూడాల్సింది విడి అంకెలు కాదు, వాటి మధ్య తేడా. 27, 28, 27. గోడలు పెరిగినా, దూరం పెరిగినా తేడా అంతే ఉంది. గోడదో, పక్కింటి రౌటర్లదో తప్పయితే ఫోన్ కూడా అక్కడే దెబ్బతినాలి, తేడా చోటుని బట్టి మారాలి. ఎక్కడికెళ్లినా ఒకే తేడా వెంట వస్తోందంటే అది ట్యాబ్ మోసుకు తిరుగుతున్న లోటు. రెండు మంచి పరికరాల మధ్య కూడా ఐదారు డెసిబెల్స్ తేడా ఉండొచ్చు, చేత్తో పట్టుకున్న తీరుని బట్టి ఇంకాస్త. పది డెసిబెల్స్ అంటే శక్తి పదో వంతు. 27 అంటే సుమారు ఐదొందల రెట్లు తక్కువ. అంత లోటు ఏ సెట్టింగ్ వల్లా రాదు.

యాప్ లేకుండా చూసే పద్ధతి కూడా ఒకటుంది. అదే చోట ఫోన్‌లో, ట్యాబ్‌లో వైఫై జాబితాలు తెరిచి ఎన్ని పేర్లు కనిపిస్తున్నాయో చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో ఫోన్ జాబితా రెండు స్క్రీన్లు నిండింది. ట్యాబ్‌లో మాది, పక్క ఫ్లాట్‌ది, అంతే. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటీ లేదు.

బ్లూటూత్ కూడా చూశాను. చాలా ట్యాబ్‌లలో వైఫై, బ్లూటూత్ ఒకే చిప్‌లో ఉంటాయి, తరచుగా యాంటెన్నా కూడా ఒకటే. స్పీకర్‌కి పాట పెట్టి వెనక్కి నడిస్తే రెండు మీటర్లు దాటగానే తెగింది. అదే స్పీకర్ ఫోన్‌తో పక్క గదిలోంచి కూడా పాడింది. సాఫ్ట్‌వేర్ మీద మిగిలిన కాస్త అనుమానం అక్కడితో పోయింది.

అయినా రిపేర్‌కి ఇచ్చేముందు రౌటర్ వైపు అనుమానం ఉంచుకోకూడదు. లేకపోతే రిపేర్ షాపులో మళ్లీ "మీ రౌటర్" అనే మాట వింటాం. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద లాగిన్ వివరాలు ఉంటాయి, మాది 192.168.1.1. ఒక్కో మార్పు చేసి, ట్యాబ్‌ని పది నిమిషాలు చూసి, తర్వాతది చేశాను. 2.4కి, 5కి వేరు వేరు పేర్లు పెట్టాను, లేకపోతే ట్యాబ్ దేనికి కలిసిందో తెలియదు. 2.4లో ఛానెల్‌ని, అంటే రౌటర్ వాడే దారిని, ఆటో నుంచి 6కి మార్చాను. మన దగ్గర 13 దాకా ఛానెళ్లు వాడొచ్చు కానీ బయటి దేశం లెక్కతో వచ్చిన కొన్ని పరికరాలు 12, 13లను చూడలేవు, రౌటర్ ఆటోలో అక్కడికి వెళ్తే వైఫై మాయమైనట్టుంటుంది. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టాను. ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకేసారి వాడగలిగేవి 1, 6, 11 లాంటి మూడే కాబట్టి అపార్ట్‌మెంట్లలో 40 పెట్టడం పక్కవాళ్లకీ, మనకీ చేటే. 5 గిగాహెర్ట్జ్‌ని 36వ ఛానెల్‌లో కట్టేశాను. 52 నుంచి మొదలయ్యే కొన్ని ఛానెళ్లలో రౌటర్ ముందు కనీసం నిమిషం పాటు రాడార్ ఉందేమో వినాలి, ఆన్ చేసిన వెంటనే పేరు కనిపించకపోతే కంగారు పడతాం. సెక్యూరిటీని, అంటే వైఫైకి వేసే తాళం రకాన్ని, డబ్ల్యూపీఏ2, ఏఈఎస్‌కి తెచ్చాను. డబ్ల్యూపీఏ3 కలిపి ఉంచితే పాత చిప్‌లు కొన్ని కలవవు. ట్యాబ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ని (సైట్ పేర్లకి అడ్రస్‌లు వెతికిపెట్టే సర్వర్ ఎంపిక) ఆటోమేటిక్‌లో పెట్టాను. యాడ్స్ ఆపడానికి అక్కడ ఏదో పేరు రాసి మరచిపోతే, ఆ సర్వర్ అందని రోజున సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ ఉండదు. ఇవన్నీ చేశాక మళ్లీ కొలిస్తే తేడా 27 దగ్గరే ఉంది.

కాగితం మీద ఈ అంకెలన్నీ రాసుకుని ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. చూడటానికే 500, జీఎస్టీతో 590. శనివారం ఇస్తే గురువారం ఫోన్ చేశారు: బయట విప్పించారు కాబట్టి వారంటీ మాట లేదు, బోర్డు మార్చాలి, 8,900, పైన జీఎస్టీ. నేనిచ్చిన కాగితం చూశారా అని అడిగితే, తాము విడి భాగాలు బాగుచేయమని, బోర్డు మొత్తం మార్చడమే పద్ధతని చెప్పారు. వాళ్ల పద్ధతి వాళ్లది. కానీ పదివేలు దాటే ఆ ఖర్చు వింటే గుండెలో రాయి పడింది, ఆ డబ్బుకి చిన్న ట్యాబ్ కొత్తదే వస్తుంది. వద్దని చెప్పి వెనక్కి తెచ్చుకున్నాను.

హైదరాబాద్‌లో ఇలాంటి పనికి అబిడ్స్ జగదీశ్ మార్కెట్ ఉండనే ఉంది. మైక్రోస్కోప్ పెట్టుకుని బోర్డు పని చేసే ఒకాయన దగ్గరికి వెళ్లి, "అన్నా, బ్యాటరీ మార్చాక వైఫై రేంజ్ పోయింది, ఫోన్ కంటే 27 తక్కువ, బ్లూటూత్ కూడా అంతే" అన్నాను. ఆయన కాగితం ఒకసారి చూసి, "యాంటెన్నా కేబుల్ అయ్యుంటది, కూర్చోండి" అన్నాడు. నెల రోజుల తిరుగుడులో మనసు తేలికపడింది అప్పుడే.

ఆయన వెనక పలకని సన్నని ప్లాస్టిక్ బిళ్లతో చుట్టూ లాగి తీశాడు, లోహపు పరికరం వాడలేదు. మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. బ్యాటరీ పక్కనే మిల్లీమీటరు మందం నల్ల వైరు ఒకటి బోర్డు నుంచి పై అంచులో అంటించిన రేకు యాంటెన్నాకి వెళ్తుంది. దాని చివర ఆవగింజంత గుండ్రటి ఇత్తడి రంగు టోపీ ఉంటుంది. అది బోర్డు మీద సాకెట్‌లో ఉండాలి. లేదు. బ్యాటరీ కింద వేసిన రెండు వైపులా అంటుకునే టేప్‌కి అతుక్కుని పడుంది. కొత్త బ్యాటరీ పాతదాని కన్నా కాస్త వెడల్పు, వైరుకి దారి చాలక పక్కకి నెట్టేసి మూత వేసేశారు.

టోపీని సాకెట్ మీద నిటారుగా ఆనించి ప్లాస్టిక్ కర్రతో నొక్కితే టిక్‌మంది. ఏటవాలుగా నొక్కితే సాకెట్ అంచు వంగిపోతుంది, అప్పుడు బోర్డు పని పడుతుంది. ఈ కనెక్టర్లు ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు తీసి పెట్టేవి కావు, సాధారణంగా 30 సార్లకే తయారుచేస్తారు. మూత వేయకుండానే ట్యాబ్ ఆన్ చేసి, షాపు రౌటర్‌కి ఐదు మీటర్ల దూరంలో నా ఫోన్ పక్కన పెట్టి చూశాం. తేడా 27 నుంచి 14కి తగ్గింది. చాలామంది ఇక్కడ పని అయిపోయిందని మూసేస్తారు, వైఫై వస్తోంది కదా అని. ఆయన మూయలేదు. వైరు వెంట మైక్రోస్కోప్ జరుపుకుంటూ పోతే బ్యాటరీ మూల కింద ఒకచోట చపాతీలా నలిగి ఉంది. వైరు మధ్యలో సన్నని తీగ, చుట్టూ జాలీ ఉంటాయి. రెండింటి మధ్య దూరం మారితే, తీగ తెగకపోయినా, సిగ్నల్ అక్కడే వెనక్కి తిరుగుతుంది. మల్టీమీటర్ బీప్ అంటుంది, వైఫై మాత్రం రాదు. బీప్ వచ్చింది కాబట్టి కేబుల్ బాగుందని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, నలిగిందేమో కంటితో చూడమనండి.

పాడైన మరో ట్యాబ్ నుంచి అదే పొడవున్న కేబుల్ తీసి వేశాడు. పొడవు ఎక్కువైతే మడత పెట్టాల్సి వస్తుంది, మళ్లీ నలుగుతుంది. బ్యాటరీని రెండు మిల్లీమీటర్లు జరిపి, వైరుని దాని గాడిలో కూర్చోబెట్టి, పైన పసుపు రంగు టేప్ వేశాడు. కేబుల్‌కి 150, పనికి 400. గంటన్నర పట్టింది. కొన్ని ట్యాబ్‌లలో కేబుల్ బదులు స్ప్రింగ్ పిన్నులు వెనక పలకకి ఆనుతాయని, అలాంటి వాటిలో ఒక స్క్రూ బిగించకపోయినా, పలక సరిగ్గా కూర్చోకపోయినా ఇదే జబ్బు వస్తుందని మాటల్లో చెప్పాడు.

ఇంటికొచ్చి అవే చోట్ల కొలిచాను. మీటరు దూరంలో −37, సోఫా దగ్గర −49, బెడ్‌రూమ్ గుమ్మంలో −62. ఫోన్‌తో తేడా 3 నుంచి 5. జాబితాలో 5 గిగాహెర్ట్జ్ పేరు వచ్చింది. లింక్ స్పీడ్ (సెకనుకి మెగాబిట్లలో) అంతకుముందు 6కీ 13కీ మధ్య కొట్టుకునేది, ఇప్పుడు 5 మీద 433. ఒక యాంటెన్నా ఉన్న ఈ రకం ట్యాబ్‌కి అంతకన్నా పైకి వెళ్లదు, కాబట్టి పూర్తిగా బాగయినట్టే. మా అమ్మాయి మంచం మీద కూర్చుని పాఠం పెట్టుకుంటే అది ఆగకుండా నడవడం చూసి నాకు నిజంగా సంతోషం వేసింది.

మిగిలింది ఒకటే. వెనక గదిలో 5 గిగాహెర్ట్జ్ −74 దగ్గర ఆగుతుంది, రెండు గోడలు దాటడం దానికి కష్టం. అక్కడ ట్యాబ్‌ని 2.4 పేరుకి కలుపుతాం, రెండింటి పేర్లూ వేరుగా ఉంచింది అందుకే.

ట్యాబ్‌కి బ్యాటరీ గానీ స్క్రీన్ గానీ మార్పించబోతుంటే, ఇచ్చేముందు ఇంట్లో రెండు చోట్ల ఫోన్‌తో తేడా రాసి పెట్టుకోండి. డేటా కాపీ తీసుకోండి, రౌటర్‌లో మ్యాక్ జాబితా ఉంటే అసలు మ్యాక్ నోట్ చేసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గర హాట్‌స్పాట్ చూపిస్తే సరేననకుండా, డబ్బు ఇవ్వకముందే షాపు రౌటర్‌కి ఐదారు మీటర్లు వెనక్కి నడిచి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా పదికి మించితే అక్కడే మూత తీయించండి, అప్పటికి వైరు ఇంకా నలిగి ఉండకపోవచ్చు, టోపీ నొక్కితే సరిపోతుంది.